దూరవిద్య పట్టభద్రుడు - ఉద్యోగదాత చూపు

"రెగ్యులర్ పద్ధతిలో చదివిన పట్టభద్రులు మాత్రమే దరఖాస్తు చేసుకొనవలెను." ఉద్యోగ ప్రకటనల చివర చిన్న అక్షరాలలో కనిపించే ఈ వాక్యం చదివి, పత్రికను మడిచి పక్కన పెట్టేవారు మన ఊరిలోనే ఎందరో ఉన్నారు. వారు డిగ్రీ లేనివారు కారు. పగలు దుకాణంలోనో, కార్యాలయంలోనో, చిన్న బడిలోనో పనిచేసి, రాత్రివేళ పాఠ్యపుస్తకం తెరిచి, మూడు నాలుగు సంవత్సరాలు ఓపికపట్టి దూరవిద్య ద్వారా పట్టా సంపాదించుకొన్నవారు. ఆ పట్టాను విశ్వవిద్యాలయం అంగీకరించినది, ప్రభుత్వం అంగీకరించినది. ఉద్యోగం ఇవ్వవలసిన మనిషి మాత్రం అంగీకరించుట లేదు. ఆ మనిషి అనుమానంలో న్యాయమెంత, సౌకర్యమెంత అన్నది విచారించవలసిన విషయం. మన కళాశాల భవనంలోనే ప్రతి ఆదివారం సార్వత్రిక విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రం నడుస్తున్నది. వాణిజ్యశాస్త్ర అధ్యాపకునిగా ఆ తరగతులకు కూడా వెళ్లుచున్న నేను, నాకు తోచిన నాలుగు మాటలు విద్యార్థి మిత్రుల ముందు, అంతకంటె ముఖ్యంగా కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాను.

దూరవిద్య మన దేశానికి నిన్న మొన్న వచ్చినది కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే తపాలా ద్వారా డిగ్రీ పాఠాలు పంపుట ప్రారంభించినది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో ఆ బాట పట్టినది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసినప్పుడు యావద్భారతంలో ఆ తరహా విశ్వవిద్యాలయాలలో అదే మొట్టమొదటిది. దానికి తొలి ఉపకులపతి అయిన ఆచార్య జి. రాంరెడ్డిగారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపకులపతి కావడం తెలుగువారు గుర్తుంచుకొనదగిన సంగతి. 1991లో మన విశ్వవిద్యాలయానికి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టినారు. ఇంటర్మీడియట్ గడప తొక్కనివారు సైతం ఒక అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరవచ్చునన్న ఏర్పాటు ఆ రోజులలో చిన్న సాహసం కాదు. బడి మధ్యలో మానిన బస్సు కండక్టరు, పెండ్లితో చదువు ఆగిన గృహిణి, తండ్రి పోయినందున దుకాణంలో కూర్చున్న పెద్దకొడుకు ఆ తలుపు గుండా లోపలికి వచ్చినారు. ఉర్దూ మాధ్యమంలో చదివిన మన పిల్లలకు 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ప్రారంభమైనది. అదియును మొదట దూరవిద్యతోనే తన బోధనను ఆరంభించినదన్న సంగతి నేటి విద్యార్థులలో కొద్దిమందికే తెలుసు.

శాసనం దృష్టిలో ఈ పట్టాకు కొరత ఏమియు లేదు. గుర్తింపు పొందిన దూరవిద్య పట్టాలు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు చెల్లునని 1995లోనే ఉత్తర్వు వెలువడినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2020లో చేసిన నిబంధనలలో, తగిన అనుమతితో దూరవిద్య ద్వారా ఇచ్చిన డిగ్రీ కళాశాలకు వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని స్పష్టంగా వ్రాసినది. 2022లో ఆ మాటనే మరల ప్రకటించినది. సివిల్ సర్వీసు పరీక్షకు కూడా ఈ పట్టాతో కూర్చొనవచ్చును. చట్టం ఇంత తేటతెల్లంగా ఉన్నప్పుడు చిక్కు ఎక్కడ వచ్చినది? చట్టం పట్టాను గుర్తించగలదే గాని, మనిషి మీద మనిషికి నమ్మకం కలిగించలేదు. యజమాని అడిగే ప్రశ్న "ఈ డిగ్రీ చెల్లునా?" అన్నది కాదు. "ఈ మనిషి రేపు ఉదయం నా బల్ల ముందు కూర్చొని పని చేయగలడా?" అన్నది.

ఈ ప్రశ్నకు ఒక్కొక్క యజమాని ఒక్కొక్క విధంగా సమాధానం వెతుకుకొనుచున్నాడు. ప్రభుత్వం పోటీపరీక్ష పెట్టి వెతుకుకొంటుంది. అక్కడ జవాబుపత్రం మీద అభ్యర్థి ఏ కళాశాలలో కూర్చున్నాడో వ్రాసి ఉండదు. అందువలననే మన ఆదివారపు విద్యార్థులలో చురుకైనవారు ముందుగా పబ్లిక్ సర్వీసు కమిషను వైపు చూస్తారు. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న గుమాస్తా పదోన్నతి కోసం డిగ్రీ చేసినట్లయితే అతని పై అధికారికి సందేహమే రాదు. అతడు ఫైలు మీద నోటు ఎట్లా పెడతాడో, జాబు చిత్తు ఎట్లా తయారు చేస్తాడో ఆయన ఎన్నో సంవత్సరాలుగా చూస్తూనే ఉన్నాడు. ఆ అధికారికి పట్టా ఒక లాంఛనం మాత్రమే.

పెద్ద ప్రైవేటు సంస్థల సంగతి వేరు. వాటికి ఒక్కొక్క ప్రకటనకు వచ్చే అర్జీలు గుట్టలు గుట్టలు. అన్నింటినీ చదివే ఓపిక గాని, తీరిక గాని ఎవరికీ లేదు. ఏదో ఒక జల్లెడ కావలెను. పదవ తరగతి నుండి ఇన్ని మార్కులు ఉండవలెననుట ఒక జల్లెడ, చదువులో ఒక్క సంవత్సరమైనా ఖాళీ ఉండరాదనుట మరొకటి, రెగ్యులర్ డిగ్రీ అనుట ఇంకొకటి. ఇటువంటి సంస్థలో ఉద్యోగుల ఎంపిక చూసే నా పూర్వవిద్యార్థి ఒకరిని ఈ విషయమై అడిగినాను. దూరవిద్య వారు పనికిరారని తాము పరీక్షించి తేల్చుకొన్నది ఏమియు లేదని, వారిని తీసుకొని చూసిన అనుభవమే తమకు లేదని అతడు ఒప్పుకొన్నాడు. తీసుకొనకుండానే తీర్పు చెప్పిన విధమన్నమాట ఇది. దీనిని సామర్థ్యంపై అభిప్రాయమని పిలువడం నాకు ఇష్టం లేదు. ఇది శ్రమ తగ్గించుకొనే ఉపాయం. ఉపాయం కావడంలో తప్పు లేదు, దానికి తీర్పు అని పేరు పెట్టడంలోనే తప్పున్నది.

ఇక మూడవ యజమాని ఉన్నాడు. అతని గురించి పత్రికలలో ఎవరూ వ్రాయరు గనుక నేను కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది. బజారులో టోకు వస్త్రాల వ్యాపారి, మందుల దుకాణదారు, రైసుమిల్లు యజమాని, లారీల ఆఫీసు నడిపే పెద్దమనిషి, ఇరవై మంది ఉపాధ్యాయులతో ఒక బడి నడుపుకొనే హెడ్మాస్టరు - మన వంటి పట్టణాలలో ఉద్యోగాలు ఇచ్చేవారిలో అధికసంఖ్యాకులు వీరే. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోకి వచ్చిన తరువాత ఈ వ్యాపారుల గదులలో ఒక మార్పు వచ్చినది. అంతకుముందు చిట్టా, ఆవర్జా వ్రాసే ముసలి గుమాస్తా, సంవత్సరానికి ఒకసారి వచ్చిపోయే ఆడిటరు సరిపోయేవారు. ఇప్పుడు నెల తిరిగేసరికి కొనుగోలు బిల్లులు, అమ్మకం బిల్లులు సరిచూసి, సరుకు ఏ కోవకు చెందినదో గుర్తించి, కంప్యూటరులో ఎక్కించి, రిటర్ను దాఖలు చేయవలెను. ఒక బిల్లు తప్పిపోయినా కొన్నవారికి రావలసిన పన్ను మినహాయింపు ఆగిపోవును. ఆగితే ఆ కొనుగోలుదారు దుకాణానికి వచ్చి కూర్చొనును.

మన కేంద్రంలో బి.కాం. చదివిన యువకుడొకడు అటువంటి వస్త్రదుకాణంలో మొదట తాన్లు విప్పి చూపే పనిలో ఉండెను. వారం పొడుగునా దుకాణం, ఆదివారం తరగతి. పుస్తకపాలన పాఠంలో జమాఖర్చుల తేడా తీసే పద్ధతి చెప్పిన మరునాడే అతడు ఆ పద్ధతిని యజమాని లెక్కల మీద ప్రయోగించి చూసేవాడు. తరగతిలో అతడు అడిగే ప్రశ్నలు పుస్తకంలోవి కావు. వాపసు వచ్చిన సరుకును ఏ పద్దులో చూపవలెను, అరువు మొండిపడిన పార్టీని ఎన్నాళ్లు ఆస్తిగా చూపవచ్చును - ఇటువంటివి. వారం నాడు నా రెగ్యులర్ తరగతిలో అరవై మంది కూర్చుంటారు. వారిలో ఈ ప్రశ్న అడిగినవారు నాకు గుర్తు లేరు. వారికి తెలివి లేక కాదు, వారి జేబులో ఎవరి బిల్లూ లేదు గనుక. ఒక ఏడాది గడిచేసరికి ఆ యువకుని చేతికి దుకాణపు లెక్కలన్నీ వచ్చినవి. అతడు పట్టా తెచ్చి చూపినప్పుడు ఆ యజమాని దానిని ఒకసారి తిప్పి చూసి, మంచిదేనని తిరిగి ఇచ్చి, నెలాఖరు రిటర్ను సంగతి అడిగినాడట. ఆ పట్టా ఏ పద్ధతిలో వచ్చినదో ఆయన అడగనేలేదు.

ఈ ముగ్గురు యజమానులను పక్కపక్కన నిలిపి చూచిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఇది. పని చూసినవాడు పనిని బట్టి తూచుచున్నాడు. కాగితం మాత్రమే చూసినవాడు కాగితం రంగును బట్టి తూచుచున్నాడు. దూరవిద్య పట్టభద్రుని సామర్థ్యంపై అనుమానం ఎక్కువగా ఉన్నది ఎక్కడనగా, అతనిని ఎన్నడూ పనిలో చూడనిచోట.

ప్రపంచంలో దీనికి పెద్ద సాక్ష్యం కావలసినవారికి నెల్సన్ మండేలా జీవితం ఉన్నది. కళాశాల నుండి బయటికి వచ్చిన తరువాత ఆయన జోహానెస్‌బర్గులో ఒక న్యాయవాదుల సంస్థలో గుమాస్తాగా కుదిరి, ఆ పని చేసుకొంటూనే దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుండి తపాలా చదువు ద్వారా 1943లో బి.ఏ. పట్టా పుచ్చుకొన్నాడు. న్యాయశాస్త్ర పట్టాను కూడా అదే విశ్వవిద్యాలయం నుండి 1989లో, ఇంకను ఖైదులో ఉండగానే సాధించినాడు. రెగ్యులర్ హాజరు లేదన్న మాట ఆయన విషయంలో కొంచెం హాస్యాస్పదంగానే వినబడుతుంది.

అయితే, యజమానుల అనుమానమంతా అకారణమని వాదించడం ఆత్మవంచన అవుతుంది. పొగ కింద నిప్పు కొంత ఉన్నది. ఆదివారపు తరగతికి పేరు నమోదు చేసుకొన్నవారిలో ఎందరు వస్తున్నారో బోధకులందరికీ తెలుసు. సంవత్సరమంతా పుస్తకం కట్ట విప్పకుండా, పరీక్షకు పదిహేను రోజుల ముందు బజారులో గైడు కొని, ఐదేండ్ల ప్రశ్నలు బట్టీపట్టి గట్టెక్కేవారు ఉన్నారు. ఇంటి వద్ద వ్రాసి తేవలసిన అసైన్‌మెంట్లు ఒకే దస్తూరితో ముగ్గురి పేర్ల మీద వచ్చిన సందర్భాలు నేను ఎరుగుదును. రెగ్యులర్ కళాశాలలు మాత్రం తులసివనాలా అని మీరు అడగవచ్చును. కావు. కాని అక్కడి విద్యార్థికి హాజరు పట్టీ ఒక కవచం. అతడు తరగతిలో నిద్రపోయినా, మూడేండ్లు కళాశాలలో ఉన్నాడన్న మాట మిగులుతుంది. దూరవిద్యార్థికి అటువంటి కవచం లేదు. అతనికి ఉన్నది పరీక్ష ఒక్కటే. ఆ పరీక్ష బలహీనమైనదని తెలిసిన మరుక్షణం, రాత్రింబవళ్లు కష్టపడి చదివినవాడు, గైడుతో గట్టెక్కినవాడు యజమాని కంటికి ఒక్కటే అవుతారు. మంచి విద్యార్థికి ఇంతకంటె అన్యాయం లేదు. ఆ అన్యాయం చేసినది యజమాని కాదు, అతని తోటివారే.

ఇక చదువు పేరున పట్టాల అంగళ్లు పెట్టినవారి సంగతి. డీమ్డ్ హోదా గల కొన్ని విశ్వవిద్యాలయాలు ఇంజనీరింగును కూడా దూరవిద్య ద్వారా బోధించబూనినవి. ప్రయోగశాల లేని గదులలో యంత్రశాస్త్రం నేర్పినారు. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఆ పట్టాలపై తీర్పు చెప్పినది. 2001 నుండి 2005 వరకు చేరినవారి పట్టాలను నిలిపి, మరల పరీక్ష వ్రాసి నెగ్గే అవకాశం ఇచ్చినది. ఆ తరువాత చేరినవారి పట్టాలను రద్దు చేసినది. అప్పటికే ఆ పట్టాలతో ఉద్యోగాలలో చేరి పదోన్నతులు పొందినవారు కూడా ఉన్నారు. ఆ రోజున నష్టపోయినది వారు మాత్రమే కాదు. ఆ పత్రికావార్త చదివిన ప్రతి యజమాని మనస్సులో దూరవిద్య అన్న మాటకు ఒక మచ్చ పడినది. బి.ఏ., బి.కాం. న్యాయంగా చదివినవారు కూడా ఆ మచ్చను మోయవలసి వచ్చినది. చేతితో పని చేసి నేర్చుకొనవలసిన విద్యలు ఉన్నవి. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు వంటివాటిని దూరవిద్య పరిధి నుండి తొలగించుట సబబే. వాటిని ఎవరైనా దూరవిద్యలో ఇస్తామని ప్రకటించినట్లయితే మన విద్యార్థులు ఫీజు కట్టకముందే ఆ సంస్థకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం అనుమతి ఏయే కోర్సులకు, ఏ సంవత్సరానికి ఉన్నదో చూసుకొనవలెను. అనుమతి సంస్థకు ఉన్నంతమాత్రాన చాలదు, కోర్సుకు ఉండవలెను. ఈ ఒక్క తేడా తెలియక ఎందరో మోసపోయినారు.

నిజమైన లోటు మరొకటి ఉన్నది. దానిని గురించి తక్కువ మంది మాట్లాడుతారు. కళాశాలలో చదువు గంటకొట్టిన తరువాత కూడా జరుగును. వక్తృత్వపు పోటీలో కాళ్లు వణుకుతూ నిలుచున్నవాడు, నలుగురితో కలిసి ఒక కార్యక్రమం నిర్వహించి అందులో ముగ్గురితో తగవుపడినవాడు, తనకు తెలియకుండానే కార్యాలయంలో బ్రతకడం నేర్చుకొనుచున్నాడు. దూరవిద్యార్థి ఇంట్లో దీపం ముందు ఒంటరిగా చదువుతాడు. తెలిసిన విషయాన్ని పదిమందిలో చెప్పే అభ్యాసం అతనికి తక్కువ. మన పిల్లలలో ఉర్దూ మాధ్యమపు ఆడపిల్లల పరిస్థితి మరీ క్లిష్టమైనది. పాతబస్తీ సందులలోని చిన్న బడులలో వీరు ఆపాలుగా పిలువబడుతూ ముప్పై నలభై మంది పసిపిల్లలకు ఏకకాలంలో చదువు చెప్పుచున్నారు. అంతకంటె కఠినమైన ఉద్యోగం నాకు తెలియదు. కాని, ఇంటర్వ్యూలో ఏ కళాశాల అని అడగగానే వీరు తల దించుకొంటారు. దూరవిద్య అన్నది ఒక లోపంగా, ఉర్దూ మాధ్యమం అన్నది రెండవ లోపంగా అడిగేవారు ధ్వనింపజేస్తారు. అడిగేవారికి ఆమె తరగతి గదిలో ఐదు నిమిషాలు నిలబడి చూసే అవకాశం ఉంటే ఆ ధ్వని మారిపోవును. కాని ఆ అవకాశాన్ని ఆమె తన నోటితోనే కల్పించవలసి ఉన్నది. ఎంత మందికి, ఏ తరగతికి, ఏ పాఠం, ఎన్నాళ్లుగా చెప్పుచున్నదో తడుముకొనకుండా చెప్పడం ఆమెకు ఎవరు నేర్పుతారు?

2020 మార్చి తరువాత జరిగిన సంగతులు ఈ వాదమంతటినీ తలకిందులు చేసినవని నా నమ్మకం. కోవిడ్ మహమ్మారి వలన దేశంలోని కళాశాలలన్నీ మూతపడినవి. రెగ్యులర్ విద్యార్థులు నెలల తరబడి ఇంటిలో కూర్చొని, చేతిలోని ఫోనులో పాఠాలు విన్నారు, సిగ్నలు లేనివారు మేడలెక్కి విన్నారు, కొందరు విననేలేదు. అధ్యాపకులమైన మేము ఒక మూగ తెర ముందు కూర్చొని, అవతల ఎవరైనా ఉన్నారో లేరో తెలియకుండానే గంటల కొలది మాట్లాడినాము. అది దూరవిద్యయే, అందులోనూ ముందుగా సిద్ధం చేసుకొన్న పాఠ్యపుస్తకం లేని దూరవిద్య. సార్వత్రిక విశ్వవిద్యాలయం తన పాఠాలను ఒంటరిగా చదివేవాని కోసమే, ప్రశ్నలు సమాధానాలతో సహా వ్రాయించి పంపుతుంది. మేము అటువంటి ఏర్పాటు లేకుండానే దిగినాము. అయినను ఆ సంవత్సరాలలో వెలువడిన పట్టాల మీద రెగ్యులర్ అన్న మాటయే నిలిచినది, యజమానులు ఆ పట్టాలకు ఉద్యోగాలు ఇచ్చినారు. పైగా ఉద్యోగులను కూడా ఇంటి వద్ద నుండే పని చేయుమన్నారు. పర్యవేక్షకుడు పక్కన లేకుండా, తనంతట తాను వేళకు పని ముగించే గుణం ఆ రోజులలో ప్రతి కార్యాలయానికి అవసరమైనది. ఆ గుణాన్ని నాలుగేండ్లు అభ్యసించినవాడు దూరవిద్యార్థి కాక మరెవరు?

బ్రిటనులో సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 1969లో రాజపత్రం లభించి, 1971లో పాఠాలు మొదలైనప్పుడు అక్కడి పెద్దలు కూడా పెదవి విరిచినవారే. మొదటి సంవత్సరమే 20 వేలకు పైగా విద్యార్థులు చేరినారు. తెల్లవారుజామున టెలివిజను పాఠాలు, ఇంటికి వచ్చే పుస్తకాల కట్టలు, వేసవిలో కొన్ని రోజులపాటు తప్పనిసరిగా ఒకచోట కూడి చదువుకొనే శిబిరాలు. వీటన్నింటికంటె ముఖ్యం, వ్రాసి పంపిన ప్రతి అభ్యాసపత్రాన్ని బోధకుడు చదివి, మార్కులతో పాటు వ్యాఖ్యలు వ్రాసి తిప్పి పంపే కట్టుబాటు. ఆ పట్టా మీద యజమానులకు నమ్మకం కుదిరినదంటే ప్రకటనల వలన కుదిరినది కాదు, ఎర్రసిరాతో నిండిన ఆ పత్రాల వలన కుదిరినదని నా అభిప్రాయం. మన కేంద్రంలో అసైన్‌మెంటు మీద మేము పెట్టేది ఒక అంకె, ఒక సంతకం.

విద్యార్థులకు నా సలహా ఒక్కటే. మీరు పని చేయుచున్నచోట మీరు చేయుచున్న పనిని కాగితం మీదికి తెచ్చుకొనండి. యజమాని వద్ద అనుభవపత్రం తీసుకొనేటప్పుడు "మా వద్ద పనిచేసినాడు, నడవడి మంచిది" అన్న రెండు ముక్కలతో తృప్తి పడకండి. నెలకు ఎన్ని బిల్లులు సరిచూసినారు, ఏ రిజిస్టరు నిర్వహించినారు, ఏ యంత్రం, ఏ కంప్యూటరు కార్యక్రమం మీ చేతికి అలవాటు - ఇవి వ్రాయించుకొనండి. పట్టా ఎట్లా వచ్చినదని అడిగినవానికి దాచకుండా చెప్పండి. చెప్పిన వెంటనే ఆ పత్రాన్ని బల్ల మీద పెట్టండి.

ఇప్పుడు కమిటీ పెద్దలకు. మన కళాశాల కూడా ఒక యజమానియే. మనము ఇరవై మందికి పైగా జీతాలిచ్చుచున్నాము. అధ్యాపకుల నియామకానికి విశ్వవిద్యాలయపు నియమాలు ఉన్నవి, వాటిని దాటి పోలేము. ఆ సంగతి నేను ఎత్తుట లేదు. కాని కార్యాలయ సహాయకుడు, గ్రంథాలయ సహాయకుడు కావలెనని గత సంవత్సరం మనము ఇచ్చిన ప్రకటనలో ఈ వ్యాసానికి మొదట నేను ఉదహరించిన వాక్యమే ఉన్నది. ఏ నియమం ఆ వాక్యాన్ని వ్రాయమని కోరలేదు. పాత ప్రకటన నుండి ఎత్తి వ్రాసినట్లున్నది. ఆదివారం నాడు ఏ గదిలో కూర్చోబెట్టి ఈ చదువు మంచిదని చెప్పుచున్నామో, సోమవారం నాడు అదే గది పక్కనున్న కార్యాలయంలో ఆ చదువు చెల్లదని అనుచున్నాము. ఆదివారపు విద్యార్థులు ఆ ప్రకటనను మన నోటీసు బోర్డు మీదనే చదివినారు. వారిలో ఒకరు నన్ను ఏమియు అడగలేదు. అడిగి ఉంటే చెప్పుటకు నా వద్ద మాట లేదు.

మైనారిటీ విద్యాసంస్థగా మనము ఏ ఉద్దేశంతో ఏర్పడితిమో, బయటి సంస్థల తలుపుల వద్ద మన పిల్లలు ఏ విధమైన జల్లెడలలో చిక్కుకొనుచున్నారో కమిటీవారికి నేను చెప్పవలసిన పని లేదు. ఇతరులు పెట్టిన జల్లెడను విమర్శించే హక్కు మనకు ఉండవలెనంటే మన గుమ్మంలోని జల్లెడను ముందు తీసివేయవలసి ఉన్నది.

నా ప్రతిపాదన చిన్నది. రాబోవు ప్రకటనలో ఆ వాక్యాన్ని తొలగించి, గుర్తింపు గల ఏ విశ్వవిద్యాలయపు డిగ్రీ అయినను అర్హమేనని వ్రాయవలెను. వచ్చిన అభ్యర్థులందరికీ, రెగ్యులర్ వారికీ, దూరవిద్య వారికీ కలిపి, ఒక పూట పని పరీక్ష పెట్టవలెను. ఫీజు రాయితీ కోరుతూ విద్యార్థి వ్రాసిన ఒక అర్జీ ఇచ్చి, దానికి తెలుగులో గాని ఉర్దూలో గాని జవాబు చిత్తు వ్రాయమనవచ్చును. ఒక నెల ఫీజు వసూళ్ల రసీదులు ఇచ్చి మొత్తం సరిచూడమని, అందులో కావాలనే పెట్టిన రెండు తప్పులను పట్టుకొమ్మనవచ్చును. ప్రవేశాల రిజిస్టరులో పది పేర్లు ఎక్కించమనవచ్చును. పత్రాల మీద పేర్లకు బదులు అంకెలు వేస్తే దిద్దేవారికి ఎవరు ఏ పద్ధతిలో చదివినారో తెలియదు. దిద్దుటకు వాణిజ్యశాస్త్ర శాఖవారము సిద్ధంగా ఉన్నాము. దీనికి కమిటీకి అయ్యే ఖర్చు కొన్ని దస్తాల కాగితం.

దీనితో పాటు మరొక మనవి. ఆదివారపు తరగతుల విద్యార్థులకు అసైన్‌మెంట్ల మీద వ్యాఖ్యలు వ్రాసి ఇచ్చే బాధ్యత బోధకులమే తీసుకొంటాము. వారు నెలకొకసారి పదిమంది ముందు నిలబడి తమ పనిని గురించి మాట్లాడే అభ్యాసం కూడా ఏర్పాటు చేస్తాము. దానికి పెద్ద హాలు కావలెను, గ్రంథాలయం తెరిచి ఉండవలెను. ప్రస్తుతం ఆదివారం నాడు గ్రంథాలయానికి తాళం వేసి ఉంటున్నది. వచ్చే సమావేశపు చర్చాంశాలలో ఈ రెండు విషయాలను చేర్చి, తాళంచెవి ఆ రోజున ఎవరి వద్ద ఉండవలెనో కూడా నిర్ణయించవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాను.